పాత సీఎన్‌సీ లేత్‌కు కొత్త కంట్రోల్: ఆరేళ్లు వాడాక

ముందే తీర్పు చెప్పేస్తాను. తీరిక లేనివారు ఇక్కడితో ఆగిపోవచ్చు. మా పాత లేత్‌కు కొత్త కంట్రోల్ (ప్రోగ్రాము చదివి మిషన్‌ను నడిపే కంప్యూటర్ భాగం) పెట్టుకుని ఆరేళ్లయింది. రోజుకు ఒక షిఫ్టు, పని ఎక్కువైతే రెండు షిఫ్టులు నడుస్తోంది. అదే పరిస్థితి మళ్లీ వస్తే మళ్లీ అదే పని చేస్తాను. కాకపోతే చేసిన తీరులో సగం మారుస్తాను, పట్టే కాలాన్ని మొదటే ఆరేడింతలు వేసుకుంటాను, స్క్రూడ్రైవరు ముట్టుకునే ముందు డయల్ గేజ్ (మైక్రాన్లలో తేడా చూపే ముల్లు సాధనం) చేతిలోకి తీసుకుంటాను.

మిషన్ 1980ల చివర్లో తయారైంది. స్లాంట్ బెడ్ (వాలుగా ఉండే పీఠం), రెండే యాక్సిస్‌లు (టూలు అడ్డంగా నడిచేది ఎక్స్, పొడవునా నడిచేది జెడ్), ఎనిమిది టూళ్లు పట్టుకుని తిరిగే టరెట్, జాబ్‌ను బిగించే హైడ్రాలిక్ చక్. యాక్సిస్‌లకు డీసీ సర్వో మోటార్లు, చక్‌ను తిప్పే స్పిండిల్‌కూ డీసీ మోటారే. బెడ్ దిట్టమైన పోత ఇనుము. గట్టి కోత వేసినా కిమ్మనదు. కంట్రోల్ మాత్రం తన కాలపుదే. ఆ రోజుల్లో ప్రోగ్రాం మెమొరీని కాగితపు టేపు మీటర్లలో చెప్పేవారు. అంగుళానికి 10 అక్షరాల లెక్కన 80 మీటర్లంటే సుమారు 32 కిలోబైట్లు. కొత్త జాబ్ ఎక్కించాలంటే పాతది ఒకటి చెరిపేయాలి. ఆ చెరిపినదే మరుసటి వారం మళ్లీ ఆర్డరు వచ్చేది.

ఇబ్బంది మెల్లగా మొదలైంది. మొదట మెమొరీ బ్యాటరీ దిగిపోయి పారామీటర్లన్నీ పోయాయి. ప్యానెల్ తలుపు లోపల ఎవరో పుణ్యాత్ములు అంటించిన అచ్చు కాగితం చూసి ఒక్కొక్కటిగా కొట్టుకున్నాం. ఆ కాగితం లేకపోతే అప్పుడే కథ ముగిసేది. (మీ మిషన్‌లో అలాంటి కాగితం ఉంటే ఇవాళే ఫొటో తీసుకోండి. బ్యాటరీ మార్చేటప్పుడు కంట్రోల్‌కు కరెంటు ఉండాలన్నది కూడా గుర్తుంచుకోండి. ఆపేసి మార్చి అన్నీ పోగొట్టుకున్నవారు నాకు తెలుసు.) తర్వాత పవర్ సప్లై బోర్డులో కెపాసిటర్లు కారాయి. రెండుసార్లు బాగు చేయించాం. మూడోసారి బాగు చేసే ఆయనే బోర్డు తిప్పి చూపించాడు. కారిన ద్రవం రాగి గీతలను తినేసిన చోట పచ్చగా చిలుము పట్టి ఉంది. "దీన్ని నేను నడిపిస్తాను సార్, ఎంతకాలమో మాత్రం అడగకండి" అన్నాడు.

అప్పుడు నా ముందు ఉన్న దారులు మూడు. పాత బోర్డులు ఎక్కడెక్కడి నుంచో వెతికి తెచ్చుకుని నెట్టుకురావడం, ఇంకో మిషన్ కొనడం, లేదా ఇనుమును ఉంచి కంట్రోల్ మాత్రం మార్చడం. నేను మూడోదాని మీద మనసు పడ్డాను. మనసు పడటమే నా తొలి పొరపాటు. ఎలక్ట్రానిక్స్ చెడింది కాబట్టి ఎలక్ట్రానిక్స్ మారిస్తే సరిపోతుందని అనుకున్నాను. ముప్ఫై ఏళ్ల మిషన్‌లో అరిగేది ఇనుము కూడా అన్న ఊహ నాకు పార్టులు ఆర్డరు పెట్టాక వచ్చింది. కొలిచి చూస్తే అదృష్టవశాత్తు అది నిలబడే మిషన్ అని తేలింది. అదృష్టం మీద ఆధారపడే పద్ధతిని మాత్రం ఎవరికీ చెప్పను.

కొలత ఎలా అంటే, స్పిండిల్ ముక్కు మీద డయల్ పెట్టి చేత్తో తిప్పితే ముల్లు 5 మైక్రాన్లు దాటలేదు. గంటసేపు తిప్పి హెడ్‌స్టాక్ వెచ్చబడ్డాక మళ్లీ చూశాం, అదే మాట. వెచ్చబడ్డాక చూడటం ముఖ్యం, చల్లటి బేరింగు ఎన్ని అబద్ధాలైనా చెబుతుంది. తర్వాత క్యారేజీని ముందుకూ వెనక్కూ నడిపి బ్యాక్‌లాష్ (దిక్కు మారినప్పుడు స్క్రూలో ఉండే వదులు) పట్టాం. జెడ్‌లో టెయిల్‌స్టాక్ వైపు 20 మైక్రాన్లు, చక్ దగ్గర 70. ఏళ్ల తరబడి పొట్టి జాబ్‌లన్నీ చక్ ముందే చేస్తే బాల్‌స్క్రూ (క్యారేజీని నడిపే స్క్రూ) అక్కడే అరుగుతుంది, సహజమే. ఎక్స్‌లో 30.

ఈ అంకెలను ఎలా చదవాలో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. టర్నింగ్‌లో జెడ్ ఎక్కువగా ఒకే దిక్కుకు కోస్తుంది కాబట్టి అక్కడి బ్యాక్‌లాష్‌ను కొంత మన్నించవచ్చు. ఎక్స్‌ను మన్నించలేం. లేత్‌లో ఒక గుండును చెక్కి చూడండి: టూలు నడుము దాటగానే ఎక్స్ దిశ మారుతుంది, అక్కడ సన్నని గీత పడుతుంది. కంట్రోల్‌లో బ్యాక్‌లాష్ కాంపెన్సేషన్ వేస్తే ఆ గీత పలచబడుతుంది తప్ప పోదు. ఎందుకంటే లెక్క సరిచేయడం కంట్రోల్‌కు చేతనవును, కోత ఒత్తిడికి నట్టు కదలకుండా పట్టుకోవడం దానికి చేతకాదు. చివరికి ఎక్స్ బాల్‌స్క్రూ చివరి థ్రస్ట్ బేరింగులు మార్చి, గిబ్ (స్లైడు వదులు సర్దే పట్టీ) బిగించాకే గీత పోయింది. ఆ పనికీ కొత్త కంట్రోల్‌కూ సంబంధం లేదు. పాత కంట్రోల్ ఉండగానే చేసి ఉండాల్సింది.

కంట్రోల్‌గా లైనక్స్‌సీఎన్‌సీ ఎంచుకున్నాను. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 1990లలో మొదలైన పరిశోధన దాని మూలం, ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్. మామూలు కంప్యూటర్, అందులో రియల్ టైమ్ లైనక్స్, పక్కన సిగ్నళ్లు పట్టే ఒక కార్డు, అంతే సరంజామా. నాకు నచ్చిన కారణం ధర అనుకుంటారు చాలామంది. నిజానికి డ్రైవ్‌లే కారణం. మా పాత డీసీ డ్రైవ్‌లు (మోటార్లకు కరెంటు ఇచ్చి నడిపే పెట్టెలు) అప్పటికి బాగానే పనిచేస్తున్నాయి. అవి ప్లస్ 10 నుంచి మైనస్ 10 వోల్టుల దాకా ఆదేశం తీసుకుని ఆ మేరకు మోటారు వేగాన్ని నిలబెడతాయి. స్థానం లెక్క పైన కంట్రోల్ చూసుకుంటుంది. మోటారు ఎంత తిరిగిందో లెక్కించే ఎన్‌కోడర్ 2,500 గీతలది, నాలుగింతలు లెక్కిస్తే చుట్టుకు 10,000. జెడ్ స్క్రూ పిచ్ (ఒక చుట్టుకు నడిచే దూరం) 10 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కో లెక్క ఒక్కో మైక్రాన్. ఇంత చక్కగా కుదిరినప్పుడు మోటార్లు ఎందుకు మార్చడం అనుకున్నాను.

దానికి జవాబు రెండేళ్లకు దొరికింది. ఎక్స్ డ్రైవ్ ఒక మధ్యాహ్నం పొగ వదిలింది. అప్పుడు రెండు యాక్సిస్‌లకూ ఏసీ సర్వోలు వేశాం. పాత మోటారు షాఫ్టు కోసుగా సన్నబడే రకం, కొత్తది పొడవంతా ఒకే లావు. ఫ్లేంజ్ రంధ్రాలు వేరు. కప్లింగు, అడాప్టర్ ప్లేటు చేయించుకుని, మళ్లీ వైరింగ్ పీకి, మళ్లీ ట్యూనింగ్ చేసి... మొదటే చేసి ఉంటే రెండు వారాలు మిగిలేవి. అలాగని పాతవన్నీ తీసి పారేయమని చెప్పను. స్పిండిల్ డీసీ మోటారును, దాని డ్రైవ్‌ను కదపలేదు. నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికున్న లాగుడు బలం, అదే కొలతలో ఉండే మామూలు ఇండక్షన్ మోటారుకు ఇన్వర్టర్ తగిలిస్తే రాదు. కార్బన్ బ్రష్షులు చూసుకుంటూ, పొడి ఊదుకుంటూ ఉంటే ఆరేళ్లుగా నోరెత్తకుండా తిరుగుతోంది.

పనికి మూడు వారాలు అనుకున్నాం. నాలుగున్నర నెలలు పట్టింది. యాక్సిస్‌లు కదలడం మొదటి పది రోజుల్లోనే అయిపోయింది. తెర మీద అంకెలు పరుగెడుతుంటే గెలిచేశామని అనుకున్నాను. ఆ తర్వాత టరెట్ ఎదురైంది.

టరెట్ తర్కమంతా పాత కంట్రోల్‌లోని లాడర్‌లో (ఏది ఎప్పుడు జరగాలో చెప్పే లోపలి ప్రోగ్రాములో) ఉంది. అది ఒక చిప్‌లో కాల్చి ఉంది, కాగితం మీద లేదు. డ్రాయింగులో కనిపించేది తీగలే కానీ వరస కాదు. దాంతో పాత కంట్రోల్ ఇంకా కాస్త ఊపిరితో ఉన్న రోజుల్లో ప్యానెల్ ముందు కూర్చుని, టూలు మార్చమని చెప్పి, ఏ దీపం ముందు వెలిగింది, ఏది తర్వాత ఆరింది అని నోటుబుక్కులో రాసుకున్నాను. మోటారు తిరుగుతుంది. నాలుగు స్విచ్‌లు కలిసి టూలు నంబరు చెబుతాయి. కావాల్సిన నంబరు రాగానే ఒక అయస్కాంతం పిన్నును దించుతుంది. పిన్ను దిగిందని సెన్సర్ చెప్పాక మోటారు వెనక్కు తిరిగి తాళం పడుతుంది. తాళం పడ్డట్టు ఇంకో సెన్సర్ చెప్పాక మోటారు ఆగాలి, ఆ తర్వాతే అయస్కాంతం వదలాలి. ఇందులో పిన్ను దిగడానికీ మోటారు వెనక్కు తిరగడానికీ మధ్య కాస్త ఆలస్యం కావాలి. మరీ తక్కువైతే కాంటాక్టర్లు కొట్టుకుంటాయి, ఎక్కువైతే పిన్ను మీద టరెట్ గుద్దుకుంటుంది. ఆ గుద్దుకునే చప్పుడు నాకు ఇప్పటికీ కలలో వినిపిస్తుంది. తాళం సెన్సర్ తీగ ఒకసారి ఊడిపోయినప్పుడు మోటారు వెనక్కు తిరుగుతూనే ఉండి కాలేంత వేడెక్కింది. దాని లోపలి వేడి స్విచ్ కాపాడింది. ఆ రోజే ప్రతి అడుగుకూ గడువు పెట్టాను: ఇంత సేపట్లో జవాబు రాకపోతే అన్నీ ఆపి అలారం ఇవ్వు అని.

ఒక్క విషయం మాత్రం మొదటి రోజే సరిగ్గా చేశాం. ఎమర్జెన్సీ స్టాప్‌ను సాఫ్ట్‌వేర్ దయకు వదలలేదు. ఎర్ర బటన్ కొడితే సేఫ్టీ రిలే పడి డ్రైవ్‌ల కరెంటు నేరుగా తెగుతుంది. కంప్యూటర్‌కు ఆ సంగతి తర్వాత తెలుస్తుంది. కంప్యూటరే బిగుసుకుపోతే కార్డులోని వాచ్‌డాగ్ (కంప్యూటర్ పలుకుతోందా అని చూసే కాపలా టైమర్) డ్రైవ్‌ల అనుమతి తీసేస్తుంది. దీని మీద బేరం లేదు.

ఇక హోమ్ సంగతి, అంటే మిషన్ ఆన్ చేశాక తన సున్నా చోటును వెతుక్కోవడం. మూడో ఏడాది ఒక ఉదయం మా పెద్ద ఆపరేటర్ నన్ను పిలిచి, "బాబూ, నిన్న చేసిన జాబే, ఆఫ్‌సెట్ ఎవరూ ముట్టలేదు, టూలు ముఖానికి ఇంత దూరంలో ఆగింది" అని రెండు వేళ్ల మధ్య ఎడం చూపించాడు. కొలిస్తే సరిగ్గా 10 మిల్లీమీటర్లు. మిషన్ ఆపి మళ్లీ హోమ్ చేస్తే మామూలైపోయింది. సరిగ్గా 10 అన్న అంకే దొంగను పట్టించింది. అది జెడ్ స్క్రూ పిచ్. ఇలాంటి మిషన్‌లో హోమ్ రెండు అంచెల్లో జరుగుతుంది. ముందు క్యారేజీ మీది డాగ్ (స్విచ్‌ను నొక్కే దిమ్మ) ఒక స్విచ్‌ను తాకుతుంది, తర్వాత ఎన్‌కోడర్ చుట్టుకు ఒక్కసారి ఇచ్చే ఇండెక్స్ గుర్తు దగ్గర సున్నా పడుతుంది. మోటారు మార్చినప్పుడు ఇండెక్స్ చోటు మారింది. అది స్విచ్ తాకే చోటుకు మరీ దగ్గరగా వచ్చి కూర్చుంది. ఉదయపు చల్లదనానికో, జిడ్డుకో స్విచ్ వెంట్రుకవాసి ఆలస్యమైతే, ఈ చుట్టు ఇండెక్స్ తప్పిపోయి పక్క చుట్టుది దొరికేది. ఆ రోజు తేడా చక్ నుంచి దూరంగా వచ్చింది కాబట్టి ఇలా కూర్చుని రాయగలుగుతున్నాను. డాగ్ సడలించి 5 మిల్లీమీటర్లు, అంటే అర చుట్టు, జరిపి బిగించాం. మళ్లీ ఆ పేచీ రాలేదు. ఎక్స్‌లో అయితే ఇదే తప్పు వ్యాసంలో రెట్టింపై కనిపిస్తుంది. మోటారు విప్పినవారు ఎవరైనా సరే, స్విచ్ నుంచి ఇండెక్స్ దాకా ఎంత దూరం ఉందో చూసి, అది అర చుట్టు చుట్టుపక్కల ఉండేట్టు పెట్టుకోండి.

ఏసీ సర్వోలు వచ్చాక జాబ్‌ల మీద కోసే మరలు (థ్రెడ్లు) పాడవడం మొదలైంది. పది జాబ్‌లలో ఒకదానికి గేజు ఎక్కదు. మర పళ్లు ఒక వైపు చెక్కినట్టు ఉంటాయి. ఇన్సర్టును అనుమానించాం, టూలు ఎత్తును అనుమానించాం, పాపం ఆపరేటర్‌నూ అనుమానించాం. చివరికి స్పిండిల్ ఎన్‌కోడర్ లెక్కను తెర మీద పెట్టి చూశాను. 1,024 గీతలు, అంటే ఒక ఇండెక్స్ నుంచి తర్వాతి ఇండెక్స్‌కు 4,096 రావాలి. సర్వోలు ఆపి ఉన్నంతసేపు 4,096, 4,096 అని జపం చేసింది. సర్వోలు ఆన్ చేయగానే నడుమ నడుమ 4,099, 4,101. కొత్త డ్రైవ్‌ల స్విచింగ్ రొద ఎన్‌కోడర్ తీగలో దూరి దొంగ లెక్కలు పుట్టిస్తోంది. ఆ ఎన్‌కోడర్ ఒక్కో సిగ్నల్‌కు ఒక్కో తీగే ఉన్న పాత రకం. జంట తీగల డిఫరెన్షియల్ రకం వేసి, షీల్డు ఉన్న కేబుల్‌ను మోటారు కేబుళ్లకు దూరంగా వేరే గొట్టంలో నడిపి, ఎర్త్ అంతా ఒకే రాగి కడ్డీకి చేర్చాక జబ్బు కుదిరింది. మూడు వారాల తుక్కు దానికి బలి.

మరలు అన్నాను కాబట్టి ఇంకో మాట. పాత ప్రోగ్రాములు ఉన్నవి ఉన్నట్టు నడుస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. మరలు కోసే ఆదేశం జి76 తీసుకోండి. జపాన్ కంట్రోల్ కంపెనీ ఫానుక్ పద్ధతిలో రెండు వరుసలు రాయాలి. రెండో వరుసలో పి అంటే మర లోతు, మైక్రాన్లలో. పిచ్ ఎఫ్‌లో ఉంటుంది. లైనక్స్‌సీఎన్‌సీలో ఒకటే వరుస. అక్కడ పి అంటే పిచ్, లోతు కె. 2 మిల్లీమీటర్ల మరకు ఒక చోట పి1227, ఇంకో చోట పి2 కె1.227. అక్షరం ఒకటే, అర్థం వేరు. మా దగ్గర రెండు వందలకు పైగా ప్రోగ్రాములు ఉన్నాయి. పాత కంట్రోల్ బతికుండగానే సీరియల్ కేబుల్‌తో అన్నీ దించుకున్నాను, అదొక్కటి తెలివైన పని. మరలు ఉన్న ప్రతి ప్రోగ్రామునూ చేత్తో తిరగరాసి, మొదటిసారి చక్ ఖాళీగా పెట్టి నడిపాం.

ఆపరేటర్ల మాట వినకుండా చేసిన తప్పు ఇంకొకటి ఉంది. మొదట టచ్ తెర మాత్రమే పెట్టాను, చూడముచ్చటగా ఉందని. మొదటి రోజే పెద్దాయన అడిగాడు: "తెర బాగానే ఉంది బాబూ. చిప్ చుట్టుకుంటే ఫీడు తగ్గించడానికి నేను దేన్ని పట్టుకోవాలి?" "తెర మీద ఈ గీతను జరపండి, బాబాయ్" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కూలెంటుతో తడిసిన బొటనవేలు తెర మీద పెట్టి జరిపాడు. గీత కదలలేదు. ఇంకోసారి జరిపాడు, కదలలేదు. మూడోసారికి నూరు శాతానికి ఎగిరింది. వారం తిరగకుండా పాత ప్యానెల్ విప్పి తెచ్చి ఫీడు నాబ్, స్పిండిల్ నాబ్, సైకిల్ స్టార్ట్, ఫీడ్ హోల్డ్, చేతి చక్రం అన్నీ కొత్త కార్డుకు కలిపాను. కంటితో చూడకుండా చేయి వెళ్లి పట్టుకునేవి అవి. వాటిని తీసేసే హక్కు మనకు లేదు.

ఆరేళ్లలో దక్కినదేమిటంటే, మిషన్ బుద్ధి మొత్తం ఇప్పుడు కొన్ని టెక్స్ట్ ఫైళ్లలో ఉంది. నాలుగో ఏడాది కంప్యూటర్ పవర్ సప్లై పోయింది. ముందే నకలు తీసి పెట్టుకున్న డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌లో వేసి, రియల్ టైమ్ జాప్యం పరీక్ష ఒక రాత్రంతా నడిపి, మరుసటి ఉదయం జాబ్ ఎక్కించాం. పాత రోజుల్లో అదే సంఘటనకు నెల పట్టేది. జెడ్ స్క్రూ చక్ దగ్గర ఒకలా, అవతల ఒకలా అరిగిందన్నాను కదా, దానికి చోటును బట్టి మారే సవరణ పట్టిక ఫైలుగా ఇచ్చాం. ఫినిషింగ్‌లో పొడవు కొలతలు 20 మైక్రాన్ల లోపు నిలుస్తున్నాయి. ప్రోగ్రాం పొడవు గురించి ఆలోచించడం మానేశాం. ఏదైనా చెడితే ఏ సిగ్నల్ రావడం లేదో తెర మీదే చూడవచ్చు. మీటరు పట్టుకుని ప్యానెల్‌లో దూరడం తగ్గింది.

దక్కనిదీ చెప్పాలి. కోత వేగం పెరగలేదు. పెరుగుతుందని ఎందుకనుకున్నానో తెలియదు; ర్యాపిడ్ వేగం (కోత లేకుండా టూలు పరుగెత్తే వేగం) స్క్రూది, స్లైడ్‌ది, కోత బలం స్పిండిల్‌ది. ప్రోగ్రాము మధ్య వరుస నుంచి మొదలుపెట్టడంలో పాత కంట్రోల్‌దే పైచేయి. అందుకని ప్రతి టూలుకూ విడి భాగం రాసి, అక్కడి నుంచే మొదలుపెట్టేట్టు అలవాటు చేశాం. అన్నిటికన్నా పెద్ద లోటు, ఈ మిషన్‌కు మెకానిక్‌ను నేనే. ఫోను చేస్తే వచ్చేవారు లేరు. నేను జ్వరంతో పడుకున్న వారం టరెట్ అలారం వచ్చి రెండు రోజులు ఊరికే నిలబడింది, కారణం ఒక వదులు తీగ. ఆ తర్వాతే ప్రతి తీగకూ నంబరు వేసి, డ్రాయింగు గీసి, ఇద్దరు కుర్రవాళ్లకు నేర్పాను. నేర్చుకునే ఓపిక, నేర్పే మనిషి లేని చోట ఈ దారి పట్టవద్దు. వారంటీతో వచ్చే రెడీమేడ్ కంట్రోల్ కిట్టో, ఇంకో మిషనో చూసుకోవడం మేలు. మిషన్ ఒక్క రోజు ఆగినా ఆర్డర్లు పోయే చోట కూడా అంతే. నాకు నాలుగున్నర నెలలు దొరకడానికి కారణం పక్కన ఇంకో లేత్ ఉండటం.

ఆ పక్క లేత్ సంగతి ఇప్పుడు వచ్చింది. దీన్ని చూసి దానికీ కొత్త కంట్రోల్ పెడదామని కుర్రవాళ్లు ఉబలాటపడుతున్నారు. పోయిన వారం డయల్ పెట్టించాను. చల్లగా ఉన్నప్పుడు స్పిండిల్ 8 మైక్రాన్లు, గంట తిరిగాక 30. హెడ్‌స్టాక్ మీద అరచేయి ఆనించలేకపోయాం. దాని పాత కంట్రోల్ మాత్రం నిక్షేపంగా ఉంది, ఒక్క అలారం లేదు. బ్యాటరీ మార్చి, పారామీటర్లు రాసి పెట్టుకుని, బేరింగులకు ఆర్డరు పెట్టాను.